కలర్ గ్రేడింగ్‌లో స్కోప్‌లు, లెవెల్స్: తరచుగా అడిగే ప్రశ్నలు

ముహూర్తాల సీజన్ మొదలైతే తిరుపతిలో పెళ్లి వీడియోలు ఎడిట్ చేసేవాళ్లకు నిద్ర ఉండదు. సరిగ్గా అప్పుడే శ్రీకాళహస్తి నుంచి ఒకరు, పుత్తూరు నుంచి ఒకరు, చిత్తూరు నుంచి ఇంకొకరు ఫోన్ చేసి అడుగుతారు, అడిగేవి మాత్రం అవే పది పదిహేను డౌట్లు. ప్రతిసారీ మొదటి నుంచి చెప్పలేక ఇక్కడ రాసి పెట్టాను. కలర్ గ్రేడింగ్ అంటే తీసిన వీడియోలో వెలుగు, రంగు సర్దడం. ఆ వెలుగుని, రంగుని గ్రాఫ్‌లా గీసి చూపించేవి స్కోప్‌లు, వెలుగు ఎంతుందో చెప్పే అంకెలు లెవెల్స్. వరసగా చదవక్కర్లేదు, మీ డౌట్ ఎక్కడుందో నేరుగా అక్కడికి పొండి. నేను వాడే ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్ డావిన్చి రిసాల్వ్. ప్రీమియర్‌లోనూ ఫైనల్ కట్‌లోనూ స్కోప్‌లు ఇవే, తెరిచే చోటు వేరు, అంతే.

## మొదలుపెట్టే ముందు

అన్నా, కంటికి బాగుంటే చాలదా? ఈ గీతలన్నీ ఎందుకు?

కన్ను సర్దుకుపోతుంది, చిక్కంతా అక్కడే. పసుపు లైటు కింద పది నిమిషాలు కూర్చుంటే తెల్ల కాగితం మళ్లీ తెల్లగానే కనిపిస్తుంది, కాగితం మీద పడే లైటు మాత్రం మారలేదు. నా మొదటి రోజుల్లో ఒక పెళ్లి వీడియో రాత్రి ఒంటిగంట దాకా లైట్లు ఆర్పేసి గ్రేడ్ చేశాను. చీకటి గదిలో మానిటర్ దీపంలా వెలుగుతోంది కాబట్టి ముఖాలు ఎక్కువైనట్టు అనిపించి తగ్గిస్తూ పోయాను. వారం తర్వాత పెళ్లికూతురి మేనత్త ఫోన్ చేసి, "ఏం నాయనా, మా పిల్లేమన్నా బొగ్గుల కొట్లో నిలబడిందా?" అంది. ప్రాజెక్ట్ తెరిచి చూస్తే ముఖాలు వేవ్‌ఫామ్‌లో (వెలుగుని 0 నుంచి 100 దాకా చూపించే స్కోప్) 30 కింద ఉన్నాయి. ఆ రాత్రి ఒక్కసారి స్కోప్ వైపు చూసినా తెలిసిపోయేది. మానిటర్ పాతదైనా, కళ్లు అలిసిపోయినా స్కోప్ లెక్క మారదు, అది ఫైల్‌లో ఉన్న అంకెల్నే చూపిస్తుంది. బొమ్మ అందంగా ఉందో లేదో అది చెప్పదు, ఆ పని మీదే.

నాలుగైదు స్కోప్‌లు ఉన్నాయి, ఏది దేనికి?

వేవ్‌ఫామ్ వెలుగుకి. ఫ్రేమ్‌లో ఎడమవైపు ఉన్నది స్కోప్‌లోనూ ఎడమవైపే ఉంటుంది, ఎత్తు మాత్రం వెలుగుని బట్టి. పీటల మీద ఎడమ పక్క తెల్ల పంచెలో పెళ్లికొడుకు, కుడి పక్క ఎర్ర చీరలో పెళ్లికూతురు కూర్చుంటే, స్కోప్‌లో ఎడమవైపు పైన ఒక దట్టమైన మబ్బు కనిపిస్తుంది, అదే పంచె. కుడివైపు కిందికి పడిన మబ్బు చీర. ఫ్రేమ్‌లో పైన ఉందా కింద ఉందా అన్నది వేవ్‌ఫామ్‌కి పట్టదు. తొలిసారి చూసేవాళ్లు తికమకపడేది ఇక్కడే.

ఆర్‌జీబీ పరేడ్ అంటే ఎరుపు, ఆకుపచ్చ, నీలం మూడింటికీ విడివిడిగా పక్కపక్కన మూడు వేవ్‌ఫామ్‌లు. వెక్టర్‌స్కోప్ గుండ్రంగా ఉంటుంది. మధ్యలో ఉంటే రంగు లేనట్టు, అంచుకి పోయేకొద్దీ రంగు చిక్కబడినట్టు, ఏ దిక్కుకి పోతే ఆ రంగు, ఒక్కో రంగు దిక్కులో గుర్తుగా ఒక చిన్న పెట్టె ఉంటుంది. హిస్టోగ్రామ్ ఏ లెవెల్‌లో ఎన్ని పిక్సెల్స్ ఉన్నాయో లెక్కపెడుతుంది, ఎక్కడున్నాయో చెప్పదు. నేను ఎప్పుడూ తెరిచి ఉంచేవి రెండే, పరేడ్, వెక్టర్‌స్కోప్.

ఒకచోట 100 అంటారు, ఒకచోట 235, ఇంకోచోట 1023. ఏది నిజం?

మూడూ ఒకే నిచ్చెనకి వేరు వేరు మెట్ల లెక్కలు. 0 నుంచి 100 అంటే శాతం, దీన్నే ఐఆర్‌ఈ అని కూడా అంటారు. 8 బిట్ వీడియోలో 256 మెట్లు, 0 నుంచి 255. 10 బిట్‌లో 1024 మెట్లు, 0 నుంచి 1023. అయితే వీడియోకి పాత ఆచారం ఒకటుంది, నలుపుని 16 దగ్గర, తెలుపుని 235 దగ్గర పెడతారు, 10 బిట్‌లో అయితే 64, 940. దీన్ని వీడియో లెవెల్స్ అంటారు. 0 నుంచి 255 మొత్తం వాడితే ఫుల్ లేదా డేటా లెవెల్స్. ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్ ఫైల్ తీసుకునేటప్పుడే దీన్ని సర్దేస్తుంది, అందుకే రిసాల్వ్ స్కోప్‌లో నలుపు 0 దగ్గర, తెలుపు 1023 దగ్గర కనిపిస్తాయి. ఆ సర్దుబాటు తప్పినప్పుడే గొడవ మొదలవుతుంది.

## షూటింగ్ రోజు

కెమెరాలో హిస్టోగ్రామ్ ఉంది కదా, వేవ్‌ఫామ్ కావాలా?

ఉంటే మంచిది, లేకపోతే జీబ్రా (వెలుగు మీరిన చోట తెర మీద చారలు చూపించేది) పెట్టుకోండి. మండపంలో వెనక బ్యాక్‌డ్రాప్ నిండా లైట్లు పెడతారు, హిస్టోగ్రామ్ కుడివైపు గోడకి గుద్దుకుంటుంది. గుద్దింది బల్బా, పెళ్లికూతురి నుదురా? అది చెప్పలేదు. జీబ్రా అయితే ఆ చారలు ఎక్కడ పడ్డాయో కంటికే కనబడతాయి. బల్బు మీద పడితే వదిలెయ్యండి, నుదుటి మీద పడితే ఐరిస్ (లెన్స్‌లో వెలుగు వచ్చే రంధ్రం) తగ్గించండి.

లాగ్‌లో తీస్తున్నా. వేవ్‌ఫామ్ 100 దాకా పోవడం లేదు, ఇంకా పెంచొచ్చా?

ఆగండి. లాగ్ అంటే వెలుగు తేడాల్ని ఎక్కువ పట్టుకోవడానికి బొమ్మని చప్పగా రికార్డ్ చేసే పద్ధతి, అందులో అంకెలు వేరు. సోనీ ఎస్-లాగ్3లో 18 శాతం గ్రే కార్డ్ (వెలుగు, రంగు సరిచూసుకునే బూడిద రంగు అట్ట) 41 దగ్గర పడాలి, తెల్ల కాగితం లాంటి 90 శాతం తెలుపు 61 దగ్గర. పానసోనిక్ వీ-లాగ్ కూడా దాదాపు అంతే, గ్రే 42, తెలుపు 61. తెల్ల పంచెని 95కి తోశారంటే అది ఎప్పుడో కాలిపోయింది. పైగా చాలా సోనీ కెమెరాల్లో ఎస్-లాగ్3 సెన్సర్ నిండిపోయేది 94 దగ్గరే. గీత 94 దగ్గర గుడారం గుడ్డలా సమంగా పరుచుకుని ఉంటుంది, మీరేమో ఇంకా ఆరు పాయింట్లు ఖాళీ ఉంది కదా అనుకుంటారు. ఖాళీ లేదు, అక్కడ సెన్సర్ చేతులెత్తేసింది.

ఎస్-లాగ్3ని ఒకటి ఒకటిన్నర స్టాప్ (ఒక స్టాప్ అంటే వెలుగు రెట్టింపు) ఎక్కువ తీస్తే నీడల్లో నాయిస్, అంటే గింజలు గింజలుగా కదిలే మచ్చలు, తగ్గుతుంది, నేనూ చేస్తాను. కానీ హోమం మంట, వీడియో లైటు రెండూ ఒకే ఫ్రేమ్‌లో ఉన్నప్పుడు ఆ ధైర్యం చెయ్యను.

గ్రే కార్డ్ పెళ్లిలో ఎవరు పట్టుకుంటారు? తెల్ల పంచెతో వైట్ బ్యాలెన్స్ చేసుకుంటే పోదా?

వైట్ బ్యాలెన్స్ అంటే తెల్లటిది తెల్లగానే వచ్చేలా రంగు సర్దడం. పంచె తెల్లగా కనిపిస్తుందే గానీ తెలుపు కాదు. నీలిమందు పెట్టి ఉతికిందైతే నీలం వైపు లాగుతుంది, దాన్ని తెలుపు చేస్తే ముఖాలు పసుపెక్కుతాయి. మధుపర్కాలకి పసుపు అంటి ఉంటే కథ అడ్డం తిరుగుతుంది. అయ్యవారు గణపతి పూజ మొదలుపెట్టకముందు పీటల దగ్గర ఎవరో ఒక పిల్లాడిని కూర్చోబెట్టి గ్రే కార్డ్ పది సెకన్లు తీసుకోండి. లైట్లు మార్చినప్పుడల్లా మళ్లీ ఒకసారి.

## లెవెల్స్ సర్దేటప్పుడు

నలుపుని 0కి, తెలుపుని 100కి లాగేస్తే లెవెల్స్ సరిపోయినట్టే కదా?

ఎక్కువమంది చేసే తప్పు ఇదే. యూట్యూబ్‌లో సగం పాఠాలు ఇదే నేర్పిస్తాయి కాబట్టి తప్పు మీది కూడా కాదు. స్కోప్ ఏమీ బిందె కాదు, అంచు దాకా నింపాలని రూలు లేదు. ముందు అడగాల్సింది ఒకటే: ఈ ఫ్రేమ్‌లో నిజంగా నల్లటిది ఏదైనా ఉందా? నిజంగా తెల్లటిది ఉందా?

డిసెంబర్‌లో తెల్లారుజామున ఘాట్ రోడ్డు మలుపులో మంచు దిగి ఉన్నప్పుడు తీసిన షాట్ తీసుకోండి. కొండ, చెట్లు, రోడ్డు అన్నీ బూడిద రంగులోనే ఉంటాయి. వేవ్‌ఫామ్‌లో మొత్తం బొమ్మ 25కీ 65కీ మధ్య పలచటి చాపలా ఉంటుంది. దాన్ని 0 నుంచి 100కి సాగదీస్తే మంచు మాయమై పొగలా, మురికిగా తయారవుతుంది, 8 బిట్ ఫుటేజ్ అయితే ఆకాశంలో మెట్లు మెట్లుగా చారలు కూడా లేస్తాయి. అదే మధ్యాహ్నం ఎండలో తీసిన ఊరేగింపు అయితే నల్ల జుట్టు, తెల్ల చొక్కా రెండూ ఉంటాయి, అక్కడ జుట్టు నీడలు 3, 5 దగ్గరికి, చొక్కా 85, 90కి పోతేనే బొమ్మకి ప్రాణం వస్తుంది. ఆ పైన ఉన్న ఖాళీ నగల మీద మెరుపుకి, బల్బుకి వదలండి.

వస్తువు ఎక్కడ పడాలో ముందు మీ మనసులో అనుకుని, తర్వాత స్కోప్‌లో అది ఎక్కడుందో చూడండి. ఈ వరస తిరగబడితే అన్ని పెళ్లిళ్లూ ఒకేలా కనిపిస్తాయి.

లిఫ్ట్ సర్దితే గెయిన్ కదిలిపోతోంది, గెయిన్ సర్దితే గామా. పిచ్చెక్కుతోంది!

కదులుతాయి, అవి ఒకదానికొకటి కట్టేసి ఉన్నాయి. లిఫ్ట్ నలుపుని ఎక్కువ లాగుతుంది, పైకి పోయేకొద్దీ పట్టు తగ్గుతుంది. గెయిన్ దానికి తిరగేసి, 0 దగ్గర కదలదు, పైన ఎక్కువ. గామా మధ్యలోని వాటిని వంచుతుంది. నా పద్ధతి: ముందు ఆఫ్‌సెట్‌తో బొమ్మ మొత్తాన్ని జరిపి నలుపుని దాదాపు చోటుకి తెస్తాను, తర్వాత గెయిన్, చివర ముఖం కోసం గామా. ఈ మూడూ రెండు చుట్లు తిప్పితే చాలు, మూడో చుట్టు తిప్పుతున్నారంటే ఎక్స్‌పోజరో వైట్ బ్యాలెన్సో ఎక్కడో తేడా కొడుతోంది.

తెలుపు బర్న్ అయిందో, స్కోప్ దాటి పైన దాక్కుందో ఎట్లా తెలుసుకోవాలి?

గెయిన్ తగ్గించి చూడండి. కార్తీకంలో కపిలతీర్థం జలపాతం తీశారనుకుందాం, నీళ్లు 100 దగ్గర అంటుకుపోయాయి. గెయిన్ తగ్గిస్తే ఆ పై అంచు విడిపోయి నీటి ధారలు పోగులు పోగులుగా కనిపిస్తే, డేటా పైన బతికే ఉంది. చాలా కెమెరాలు 235 పైన కూడా కొంత రాస్తాయి, రిసాల్వ్ దాన్ని పారెయ్యదు. అలా కాకుండా గీత గీతలాగే, కత్తితో కోసినట్టు సమంగా కిందికి దిగితే అక్కడ ఏమీ లేదు, తెల్లటి నీళ్లు బూడిద నీళ్లు అవుతాయి తప్ప వివరం రాదు. అప్పుడు మళ్లీ పైకి పంపించెయ్యండి, బూడిద కన్నా కాలిన తెలుపే మేలు.

## రంగు దగ్గరికి వచ్చాక

వేవ్‌ఫామ్‌లో అంతా 60 లోపే ఉంది, అయినా పట్టుచీర ఎరుపు పెయింట్ పూసినట్టు ఎందుకుంది?

ఇది మన ఊళ్లలో రోజూ వచ్చే సమస్య, కొంచెం వివరంగా చెప్తాను. వేవ్‌ఫామ్ వెలుగు లెక్కకట్టేటప్పుడు మూడు రంగుల్నీ సమానంగా చూడదు. హెచ్‌డీ వీడియోకి ఉన్న రెక్ 709 లెక్క ప్రకారం ఎరుపుకి దాదాపు 21 శాతం బరువు, ఆకుపచ్చకి 72, నీలానికి 7. మన కంటి తీరుకి దగ్గరగా ఉండాలని అలా పెట్టారు. దాంతో ఏమవుతుందంటే, పూర్తి ఎరుపు వేవ్‌ఫామ్‌లో కేవలం 21 దగ్గర కనిపిస్తుంది.

చీర మీద ఒక మడత దగ్గర ఎరుపు 255, ఆకుపచ్చ 30, నీలం 40 ఉన్నాయనుకోండి. వేవ్‌ఫామ్‌లో అది 31 దగ్గర పడుతుంది. ఇంకా ఎంతో చోటుంది అనుకుని మీరు వెలుగు పెంచుతారు. కానీ ఎరుపు ఛానెల్ అప్పటికే పైకప్పుకి తగిలేసింది. నేతలోని జరీ పోగులు, మడతల నీడలు అన్నిట్లోనూ ఎరుపు అదే 255, అందుకే నేత కనపడదు, ఎర్ర రబ్బరు షీట్ కట్టినట్టుంటుంది. పరేడ్ తెరిస్తే ఎరుపు గడిలో పైన బల్లపరుపు గీత వెంటనే కనిపిస్తుంది.

స్టేజీ మీద వంకాయ రంగు ఎల్‌ఈడీ లైట్లతో ఇంకా ఘోరం. ఎరుపు 140, ఆకుపచ్చ 20, నీలం 255 ఉంటే వేవ్‌ఫామ్ 24 చూపిస్తుంది, నీలం మాత్రం నిండిపోయి ఉంటుంది. కెమెరామన్ వేవ్‌ఫామ్ చూసి చీకటిగా ఉందని ఐఎస్ఓ (బొమ్మని వెలుగెక్కించే కెమెరా సెట్టింగ్) పెంచుతాడు, ముఖం మీద ముక్కు ఎక్కడో మూతి ఎక్కడో తెలియని వంకాయ ముద్ద తయారవుతుంది. తీసేటప్పుడే తగ్గించుకోవాలి. ఎడిట్‌లో అయితే ముందు సాచురేషన్ (రంగు చిక్కదనం) తగ్గించి, ఆ తర్వాతే వెలుగు ముట్టుకోండి. ఛానెల్ క్లిప్ అయిపోయి (పైకప్పు దగ్గర కోసుకుపోయి) రికార్డయితే నేత తిరిగి రాదు, ఆ చీరని కొంచెం మెత్తబరచగలరు, అంతే.

వెక్టర్‌స్కోప్‌లో స్కిన్ టోన్ లైన్ ఉంది కదా, మన రంగుకి అది పనికొస్తుందా?

వస్తుంది. ఎరుపు పెట్టెకీ పసుపు పెట్టెకీ మధ్య, గడియారంలో పదకొండు దగ్గర ఉండే ఆ గీత పాత ఎన్‌టీఎస్‌సీ టీవీ కాలం నాటి ఐ-అక్షం. చామనఛాయ అయినా, తెలుపైనా, నలుపైనా చర్మం కింద ఉన్న రక్తం ఒకటే కాబట్టి రంగు దిక్కు పెద్దగా మారదు. మారేది వెలుగు, చిక్కదనం. చామనఛాయ ముఖం వేవ్‌ఫామ్‌లో 45, 55 దగ్గర హాయిగా ఉంటుంది, ఇంకా ముదురు ఛాయకి 35, 45 చాలు. ముఖం 70 దగ్గర ఉండాలని ఎక్కడో చదివి వచ్చి అందర్నీ 70కి లాగకండి, ఆ అంకె తెల్లవాళ్ల ముఖాలు చూసి రాసింది.

ఫ్రేమ్ మొత్తం చూస్తే చీర, పూలు, కొబ్బరాకులు కలిసి వెక్టర్‌స్కోప్ మీద మబ్బులా ఉంటాయి, ముఖం ఏదో తెలియదు. తాత్కాలికంగా చెంప వరకు క్రాప్ చెయ్యండి, అప్పుడు చిన్న తోకలాగా ఒకటే మిగులుతుంది. అది గీత మీద అచ్చంగా పడక్కర్లేదు, రెండు పక్కలా కొంచెం జరగొచ్చు. నలుగు పెట్టేటప్పుడు తీసిన షాట్‌లో పసుపు వైపు జరిగి ఉంటే అది పసుపే, దాన్ని సరిచేస్తే పసుపు కడిగేసినట్టే.

గంగమ్మ జాతర వేషాలు గ్రేడ్ చేస్తున్నా, స్కోప్ ప్రకారం అన్నీ తప్పుగానే ఉన్నాయి.

స్కోప్ తప్పు చూపించలేదు, మీరు ముఖం అనుకుంటున్నది ముఖం కాదు, పూత. మే నెలలో తిరుపతిలో జరిగే తాతయ్యగుంట గంగమ్మ జాతరలో రోజుకో వేషం. బైరాగి వేషానికి ఒంటినిండా తెల్ల నామంకొమ్ము, బండ వేషానికి కుంకుమ, తోటి వేషానికి బొగ్గు, దొర వేషానికి గంధం. బైరాగి ముఖం 75, 80 దగ్గర, వెక్టర్‌స్కోప్ మధ్యకి దగ్గరగా ఉంటే సరైనదే. బండ వేషం సూటిగా ఎరుపు పెట్టె వైపు పోతుంది, అక్కడ పరేడ్‌లో ఎరుపు నిండకుండా కాపాడటమే మీ పని. తోటి వేషం 10, 15 దగ్గర ఉంటుంది, దాన్ని ఆటో బటన్ నొక్కితే సాఫ్ట్‌వేర్ చక్కగా 45కి లేపి బొగ్గుని బూడిద చేసి పెడుతుంది. నొక్కకండి. నేనైతే ఆ గుంపులో మామూలుగా నిలబడి చూసే ఒక మనిషిని వెతికి, ఆయన చెంప మీద స్కిన్ టోన్ చూసుకుంటాను, వేషాలు వాటంతటవే చోటుకొస్తాయి.

పరేడ్‌లో మూడు రంగులూ సమానంగా తెస్తే వైట్ బ్యాలెన్స్ అయినట్టేనా?

ఫ్రేమ్‌లో తెల్లదో బూడిదదో ఉన్న చోట మాత్రమే మూడూ సమానంగా ఉండాలి. శేషాచలం ఎర్ర రాళ్లు నిండిన షాట్‌లో మూడూ సమానం చేశారంటే కొండ సిమెంట్ గోడ అవుతుంది. దీపాల వెలుగులో హారతి షాట్‌కి కూడా అంతే, అక్కడ నీలం తక్కువగానే ఉండాలి.

అమ్మాయిని తెల్లగా చెయ్యమంటున్నారు, ఎంత దాకా పెంచొచ్చు?

అడగని ఇల్లు లేదు. నేను ముఖాన్ని ఓ ఐదు పాయింట్లు లేపి, చిన్న విండోతో (బొమ్మలో గీసిన చోటుకే పనిచేసేది) కళ్ల దగ్గర కొంచెం వెలుగిస్తాను, ఆపేస్తాను. అంతకు మించితే మెడ ఒక రంగు, ముఖం ఒక రంగు అవుతుంది, ఆ తర్వాత మళ్లీ ఫోన్ చేసేదీ వాళ్లే.

## షాట్లు కలిపేటప్పుడు

రెండు కెమెరాలు కలవడం లేదు. స్కోప్‌తో ఎట్లా కలపాలి?

రెండింట్లోనూ కనిపించే ఒకే వస్తువుని పట్టుకోండి: అయ్యవారి కండువా, పీట, ఏదైనా సరే. ఒక కెమెరా నుంచి స్టిల్ తీసి వైప్‌లో (తెరని చీల్చి రెండు షాట్లూ ఒకేసారి చూపించేది) పక్కన పెట్టండి. పరేడ్‌లో ఆ వస్తువు కింది అంచులు ముందు, పై అంచులు తర్వాత కలపండి, చివర వెక్టర్‌స్కోప్‌లో ముఖం తోక పొడవు చూడండి. క్లోజప్, వైడ్ షాట్ల మొత్తం ఆకారాల్ని కలపాలని చూడకండి, వాటిలో ఉన్న వస్తువులే వేరు.

## ఎక్స్‌పోర్ట్ అయ్యాక

టైమ్‌లైన్‌లో బ్రహ్మాండంగా ఉంది, ఎక్స్‌పోర్ట్ చేశాక వెలిసిపోయినట్టుంది. ఎందుకు?

తల బాదుకునే ముందు ఆ ఎక్స్‌పోర్ట్ ఫైల్‌ని మళ్లీ టైమ్‌లైన్‌లోకి తెచ్చి, అసలు దాని పక్కన పెట్టి స్కోప్ చూడండి. రెండు గీతలూ ఒకేలా ఉంటే ఫైల్ బాగానే ఉంది, దాన్ని చూపించే ప్లేయర్‌ది తేడా. నలుపు 6కి లేచి తెలుపు 92కి దిగి ఉంటే లెవెల్స్ గొడవ: వీడియో లెవెల్స్ ఫైల్‌ని ఫుల్ అనుకుని చదివారు, 255లో 16 అంటే ఆ 6 శాతమే. తిరగేసి జరిగితే నీడలన్నీ నల్లగా ముద్దకట్టి, జుట్టుకీ వెనక తెరకీ తేడా తెలియదు. రిసాల్వ్ డెలివర్ పేజీలో డేటా లెవెల్స్‌ని ఆటోలో వదిలెయ్యండి, నా దగ్గరికి వచ్చే కేసుల్లో ఎక్కువ, అర్థం కాకుండా ఫుల్ పెట్టడం వల్ల వచ్చినవే.

టీవీ ఛానెల్‌కి ఇవ్వాలంటే 100 దాటకూడదా?

ఛానెల్ ఇచ్చిన కాగితంలో ఏముంటే అదే. యూరప్ బ్రాడ్‌కాస్టర్ల ఆర్ 103 సిఫారసు అయితే ఆర్‌జీబీ మైనస్ 5 నుంచి 105 శాతం దాకా ఒప్పుకుంటుంది. యూట్యూబ్‌కి అలాంటి తనిఖీ లేదు, కానీ 100 పైన వదిలింది ఎలాగూ కోసేస్తారు, మీరే మెల్లగా వంచి లోపల పెట్టడం మంచిది.

ఫోన్‌లో తీసిన హెచ్‌డీఆర్ క్లిప్పులు మామూలు టైమ్‌లైన్‌లో వేస్తే కాలిపోయినట్టున్నాయి.

హెచ్‌డీఆర్ అంటే మామూలు వీడియో కన్నా ఎక్కువ వెలుగు తేడాల్ని పట్టే పద్ధతి, ఆ ఫైల్ అంకెలకి అర్థం వేరు. అందులో రెండు రకాలు, హెచ్‌ఎల్‌జీ, పీక్యూ. హెచ్‌ఎల్‌జీలో తెల్ల కాగితం 75 శాతం దగ్గర ఉంటుంది, పీక్యూలో 58 దగ్గర, అంటే 203 నిట్స్ (నిట్ అంటే తెర వెలుగుకి కొలత). పీక్యూ నిచ్చెన 10,000 నిట్స్ దాకా పోతుంది. ముందు కలర్ మేనేజ్‌మెంట్‌లోనో కలర్ స్పేస్ ట్రాన్స్‌ఫామ్‌తోనో రెక్ 709కి మార్చండి, ఆ తర్వాతే స్కోప్ చూడండి. మార్చకుండా గెయిన్ తిప్పుతూ కూర్చుంటే తెల్లారిపోతుంది.

ఫంక్షన్ హాల్ ఎల్‌ఈడీ వాల్ మీద ముఖాలన్నీ నీలంగా వచ్చాయి, గ్రేడ్ మార్చాలా?

వద్దు. మీ పరేడ్‌లో తెలుపు సమానంగా ఉంటే, వాల్ ఆపరేటర్ దగ్గరికి పోయి బ్రైట్‌నెస్, కలర్ టెంపరేచర్ తగ్గించమనండి. చాలాసార్లు ఫ్యాక్టరీలో ఎట్లా వచ్చిందో అట్లానే పెట్టి ఉంటారు. ఆయన వినకపోతే ఆ వాల్ కోసం వేరే కాపీ ఒకటి చేసివ్వండి, పెన్‌డ్రైవ్ మీద "హాల్ కాపీ" అని రాయడం మాత్రం మర్చిపోకండి. నేను ఒకసారి మర్చిపోయి అదే కాపీని ఇంటికి కూడా పంపించేశాను.